నొక్కులు నిలవాలంటే ముందు జుట్టు ఆరాలి

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 24 ఏళ్లు, మాది కాకినాడ. నడుము దాకా ఒత్తయిన జుట్టు, ఎక్కడా వంపు లేకుండా తిన్నగా ఉంటుంది. కాలేజీ రోజుల్లో ప్రతి ఫంక్షన్‌కీ కర్లింగ్ ఐరన్ పెట్టి చివర్లు పాడు చేసుకున్నాను. చిట్లిన చోటల్లా కత్తిరించుకుంటూ వస్తున్నా ఇంకా కొంత మిగిలింది. శ్రావణ మాసంలో మా అక్క పెళ్లి. ముహూర్తానికి జడే వేసుకుంటాను గానీ, మర్నాడు సాయంత్రం రిసెప్షన్‌కి జుట్టు వదులుకుని నొక్కులు నొక్కులుగా కనిపించాలని నా కోరిక. వీడియోలు చూసి, తలస్నానం చేశాక శాటిన్ బెల్టుకి జుట్టంతా చుట్టుకుని పడుకున్నాను. పొద్దున విప్పితే లోపలంతా తడి. పైపైన వచ్చిన కాసిని ఉంగరాలూ టిఫిన్ తినేలోపే సాగిపోయాయి. తడి తలతో పడుకుంటే జలుబు చేస్తుందని అమ్మ కోప్పడుతోంది. కొబ్బరినూనె రాసి చుట్టమని పక్కింటి ఆంటీ, జెల్ కొనుక్కోమని ఫ్రెండ్స్. అసలు వేడి తగలకుండా నాలాంటి జుట్టుకి నొక్కులు నిలుస్తాయా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నిలుస్తాయి. తిన్నగా, బరువుగా ఉన్న జుట్టుకి శ్రమ కాస్త ఎక్కువ, అంతే. మీ జుట్టులో లోపమేమీ లేదు, మీరు చుట్టిన తీరులో కూడా పెద్ద తప్పు లేదు. ‘పొద్దున విప్పితే లోపలంతా తడి’ అని రాశారు చూడండి, కారణమంతా అక్కడుంది. తడిగా ఉన్న జుట్టుని విప్పితే అది ఏ ఆకారాన్నీ పట్టుకోదు. రాత్రంతా తల నొప్పి పుట్టేలా పడుకున్నా ఫలితం ఉండదు. వీడియోల్లో చుట్టే పద్ధతిని నిదానంగా చూపిస్తారు, ఆరే భాగం మాత్రం ఒక్క క్షణంలో దాటేస్తారు. పని జరిగేది ఆ దాటేసిన భాగంలోనే.

ఎందుకో కాస్త వివరంగా చెప్తాను. ఇది తెలిస్తే మిగతావన్నీ మీకు మీరే సర్దుకోగలరు. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రొటీన్ గొలుసుల్ని ఒకదానితో ఒకటి కలిపి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. నీళ్లు తగలగానే చాలా వరకు వదులైపోతాయి, ఆరేటప్పుడు మళ్లీ ఏర్పడతాయి. ఆ సమయంలో వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపునే పట్టుకుంటాయి. స్కూలుకి వెళ్లే రోజుల్లో ఆదివారం తలంటుకుని, సగం ఆరిన జుట్టుతో జడలు వేసుకుంటే సాయంత్రం రిబ్బన్లు విప్పినప్పుడు జుట్టంతా నొక్కులతో ఉండేది కదా. మీరిప్పుడు చేయబోయేదీ అదే, కొంచెం పద్ధతిగా.

కర్లింగ్ ఐరన్ కూడా ముఖ్యంగా ఈ బంధాలతోనే పని చేయిస్తుంది. నీటి బదులు వేడితో వాటిని కదిలిస్తుంది. కొన్ని ఐరన్లు 230 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతాయి. ఆ వేడికి కెరటినే దెబ్బతింటుంది. తడి ఆరని జుట్టు మీద పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి, అక్కడే పుటుక్కున తెగుతుంది. అలా చిట్లిన చివర్లని ఏ నూనే, ఏ సీరమూ తిరిగి అతికించలేవు. కత్తిరించుకుంటూ రావడమే సరైన పని, మీరు ఆ పనే చేస్తున్నారు.

వెంట్రుకలో ఇంకో రకం బంధాలున్నాయి. వాటిలో సల్ఫర్ ఉంటుంది, నీటికీ మామూలు వేడికీ లొంగవు. జుట్టుని ఉంగరాలు తిప్పడానికి పార్లర్లో పర్మింగ్ చేసేటప్పుడు రసాయనాలతో విడదీసి మళ్లీ కట్టేది వాటినే. అందుకే పర్మ్ నెలల తరబడి నిలుస్తుంది. ఇంట్లో గుడ్డతో చుట్టుకున్న నొక్కులు తలస్నానంతో పోతాయి, గాలిలో తేమ ఎక్కువైతే ఇంకా ముందే సాగుతాయి. మీకు కావలసింది ఒక్క సాయంత్రం. దానికి ఈ పద్ధతి చాలు.

ఇక తడి ఎంత ఉండాలన్న దగ్గరికి వద్దాం. నడుము దాకా ఉన్న ఒత్తయిన జుట్టు తలస్నానం చేసి చుట్టేస్తే కాకినాడ గాలిలో రాత్రికి రాత్రి ఆరదు. సముద్రం పక్కన, అందులోనూ వర్షాకాలంలో, గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. మీ జుట్టులో నీటిని అది తొందరగా తీసుకోలేదు. కాబట్టి పొద్దున్నే తలంటుకుని జుట్టుని పూర్తిగా ఆరనివ్వండి. చుట్టే ముందు ఒక్కో పాయ మీద స్ప్రే సీసాతో నీళ్లు పలచగా చల్లండి. పాయని వేళ్ల మధ్య పట్టుకుని కిందికి జారిస్తే వేళ్లకి చల్లదనం తెలియాలి, తడి మాత్రం అంటకూడదు. పిడికిట్లో పెట్టి నొక్కితే చుక్క కూడా రాకూడదు. ‘ఇంత తక్కువ తడితో ఏమొస్తుంది’ అనిపిస్తుంది. ఆ కాస్త చెమ్మే చాలు. కుదుళ్ల దగ్గర అసలు చల్లొద్దు. పైనుంచి రెండు మూడు అంగుళాలు వదిలేసి కింది భాగానికే తడి చేయండి.

అమ్మగారి మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జలుబు చేసేది వైరస్ వల్ల, తడి జుట్టు వల్ల కాదు. అయినా ఆవిడ కోప్పడటంలో న్యాయం ఉంది. మాడు రాత్రంతా తడిగా, గుడ్డ కింద మూసుకుపోయి ఉంటే దురద పుడుతుంది, వాసన వస్తుంది, చుండ్రు ఉన్నవాళ్లకి అది పెరుగుతుంది. పైగా తడిసిన వెంట్రుక బలహీనంగా ఉండి ఎక్కువ సాగుతుంది. దిండుకి రాసుకుంటే తేలిగ్గా తెగుతుంది. కుదుళ్లు పొడిగా ఉంచి చుట్టుకున్నారంటే ఆవిడకీ అభ్యంతరం ఉండదు. అసలు ఆవిడనే పక్కన కూర్చోబెట్టుకోండి. మీ పొడవు జుట్టుకి వెనకవైపు పాయలు చుట్టడానికి రెండో మనిషి చేయి కావాలి.

శాటిన్ బెల్టు విషయానికొస్తే, భుజాలు దాటి వీపు మధ్య వరకు, మామూలు ఒత్తుతో ఉన్న జుట్టుకి అది బాగానే పని చేస్తుంది. మీ జుట్టంతా రెండే భాగాలుగా ఒక్క బెల్టుకి చుట్టుకుంటే పొర మీద పొర పడుతుంది. బెల్టుని తాకిన పొర ఒకలా, పైన పడినది ఇంకోలా ఆరతాయి. మధ్యలో ఇరుక్కున్నది ఆరనే ఆరదు. శాటిన్ నున్నగా ఉండి వెంట్రుకని గీరదు, ఆ మేరకు మంచిదే గానీ నీటిని పీల్చుకోదు. నూలు గుడ్డ పీల్చుకుంటుంది. మీ జుట్టుకి, మీ ఊరి గాలికి నేనైతే నూలు గుడ్డనే ఎంచుకుంటాను. కొత్త గుడ్డ గరుకుగా ఉంటుంది, వద్దు. ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరో, నాన్నగారి పాత పంచో తీసుకోండి. రెండంగుళాల వెడల్పుతో పొడవాటి పేలికలుగా చింపండి. ఒక్కో పేలిక మీ జుట్టు పొడవుకి రెట్టింపు కన్నా ఒక జానెడు ఎక్కువే ఉండాలి.

ఈ పేలికల పద్ధతి చాలా పాతది. కరెంటు యంత్రాలు రాకముందు యూరప్‌లో ఆడపిల్లలకి రాత్రిపూట ఇలా గుడ్డలు కట్టే పడుకోబెట్టేవారు. నాకు తెలిసినంతలో పొడవు జుట్టుకి దీన్ని మించినది లేదు. చేయడం ఇలా.

జుట్టుని ముందు నిలువుగా రెండు సగాలు చేసి, ఒక్కో సగాన్ని నాలుగైదు పాయలుగా విడదీసుకోండి. మొత్తం ఎనిమిది నుంచి పది పాయలు. పాయ సన్నదైతే ఉంగరం బిగుతుగా వస్తుంది, లావైతే నొక్కు వదులుగా వస్తుంది. లావు పాయలు ఆరడం మాత్రం కష్టం. ఒక పాయ తీసుకుని చిక్కు లేకుండా దువ్వండి. పేలికని సగానికి మడిచి, ఆ మడత దగ్గర పాయ మొదట్లో ముడి వేయండి. మాడుకి ఆనించి కాకుండా ఒకటి రెండు అంగుళాలు కిందికి వేయాలి. ఇప్పుడు పేలిక రెండు కొసలూ జుట్టుతో పాటు కిందికి వేలాడుతుంటాయి. ఒక కొసని అమ్మగారు నిటారుగా లాగి పట్టుకోవాలి. మీరు పాయని దాని చుట్టూ పైనుంచి కిందికి చుట్టుకుంటూ రండి. చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు లేకపోయినా పరవాలేదు గానీ ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. చివరి దాకా వచ్చాక పేలిక రెండో కొసని జుట్టు మీదుగా కిందికి చుట్టుకుంటూ తెచ్చి, అడుగున రెండు కొసలూ కలిపి ముడి వేసేయండి. జుట్టు రెండు గుడ్డల మధ్య చిక్కుకుని ఉంటుంది, జారదు. లోపలి గుడ్డ, బయటి గుడ్డ రెండూ తడిని లాగుతాయి. పాయ మొదటినుంచి చివరిదాకా ఒకే మందంలో ఉంటుంది కాబట్టి అంతా ఒకేలా ఆరుతుంది.

చుట్టేటప్పుడు ఒక్కటి గమనించండి. పాయని మెలిపెట్టకుండా చదునుగా చుట్టాలి. మెలిపెడితే నొక్కులు తాడు మెలికల్లాగా వస్తాయి, వాటిని తర్వాత విడదీస్తే చింపిరిగా లేస్తాయి. ముఖానికి అటూ ఇటూ ఉన్న రెండు ముందు పాయల్ని వెనక్కి తిరిగేలా చుట్టండి. అప్పుడు విప్పాక జుట్టు బుగ్గల మీదికి పడకుండా ముఖం తేటగా కనిపిస్తుంది. వెనకవి ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పితే సహజంగా ఉంటాయి. అన్నీ ఒకే వైపు తిప్పితే ఒకదానిలో ఒకటి దూరి లావు గుత్తుల్లా అయిపోతాయి.

ఇంత ఓపిక లేని రోజుల్లో జడలున్నాయి. ఒక్క జడకి బదులు నాలుగు వేసుకుంటే నొక్కులు పై దాకా వస్తాయి. మూడు పాయల జడ నొక్కులు కొంచెం కోణంగా, కొట్టొచ్చినట్టు వస్తాయి. రెండు పాయల్ని ఒకదాని మీద ఒకటి మెలేసుకుంటే వచ్చేవి మెత్తగా ఉంటాయి. రెండింట్లోనూ చివరి రెండు మూడంగుళాలు తిన్నగా మిగిలిపోతాయి. ఆ కొసని పైకి మడిచి గుడ్డపేలికతో కట్టేస్తే సరిపోతుంది. ఏది చేసినా చిన్న రబ్బరు బ్యాండ్లు మాత్రం వద్దు. తీసేటప్పుడు వాటితో పాటు జుట్టూ వస్తుంది.

కొబ్బరినూనె సంగతి. పక్కింటి ఆంటీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, చుట్టే ముందు వద్దు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకే గుణమున్న నూనె. తలస్నానానికి ముందు రాస్తే కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడుతుంది, దానికి తిరుగులేదు. కాబట్టి ముందురోజు రాత్రి చక్కగా మర్దనా చేసుకుని పొద్దున తలంటుకోండి. నూనె మిగిలి ఉన్న జుట్టు బరువెక్కుతుంది, పాయలు ఒకదాని మీద ఒకటి జారతాయి, వంపు నిలవదు. కండిషనర్ కూడా ఎక్కువైతే అంతే. ఆరోజుకి చివర్లకి మాత్రం కొంచెం రాసి బాగా కడిగేయండి. మీ ఇంట్లో కుంకుడుకాయలు వాడే అలవాటుంటే ఇంకా మంచిది. కుంకుడు రసంతో తలంటుకున్న జుట్టు కాస్త గరుగ్గా ఉంటుంది కదా, ఆ గరుకుతనమే ఇప్పుడు గుడ్డని పట్టుకుని ఉండటానికి ఉపయోగపడుతుంది.

జెల్ కావాలా అంటే, మీ జుట్టుకి కావాలి. తిన్నటి జుట్టు తన బరువుకి తానే సాగుతుంది. పలచటి పొరలా ఆరి పట్టి ఉంచేది ఏదో ఒకటి ఉంటే సాయంత్రం గడుస్తుంది. బజార్లో కొనేటట్టయితే హెయిర్ మూస్ తీసుకోండి, నురుగులా ఉంటుంది, జిడ్డు లేకుండా ఆరుతుంది. ఇంట్లో చేసుకోవాలనుంటే అవిసె గింజల జెల్ ఉంది. రెండు టేబుల్ స్పూన్ల అవిసె గింజల్ని రెండు కప్పుల నీళ్లలో వేసి సన్నటి మంట మీద కలుపుతూ ఉడికించండి. గరిటె పైకెత్తినప్పుడు కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతూ జారిందంటే దించేయాలి. వేడి మీదే పలచటి గుడ్డలో వడకట్టేయండి. చల్లారితే చిక్కబడిపోయి ఎంత పిండినా దిగదు, గింజలతో సహా పారబోయాల్సిందే. చేతులు కాలకుండా గుడ్డని రెండు గరిటెలతో నొక్కితే సరి. ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఒక వారం వాడుకోవచ్చు. వాసన మారితే పడేయండి, ఆశపడొద్దు. ఒక్కో పాయకి శనగగింజంత చాలు. చిట్లిన చివర్లకి మాత్రం ఇంకాస్త పట్టించండి. దెబ్బతిన్న చోట వెంట్రుక తేమని త్వరగా పీల్చుకుంటుంది, నొక్కు మొదట వదిలేదీ అక్కడే. జెల్ కూడా తడే కదా. జెల్ రాసిన పాయకి మళ్లీ నీళ్లు చల్లనక్కర్లేదు.

కలబంద జెల్ చాలామంది ఇళ్లలో ఉంటుంది. సీసాలో వచ్చే వాటి పొడవాటి లేబుల్లో గ్లిజరిన్ ఉందేమో చూడండి. గ్లిజరిన్ గాలిలోని తేమని లాక్కుంటుంది. గాలిలో తేమ ఓ మోస్తరుగా ఉన్న చోట దాంతో ఇబ్బంది ఉండదు గానీ, శ్రావణంలో కాకినాడలో అది జుట్టుని దూదిలా పొంగించేస్తుంది.

ఇప్పుడు మీ రిసెప్షన్ రోజు. ముందురోజు ముహూర్తానికి జడ వేసుకుంటారు, సవరం, పిన్నులు, పూలు, బహుశా స్ప్రే కూడా. రాత్రికి అవన్నీ తీసి, కింది నుంచి మొదలుపెట్టి నిదానంగా చిక్కు తీసి, వదులుగా ఒక జడ అల్లుకుని పడుకోండి. అంతసేపు బిగించి ఉన్న మాడుకి ఆ రాత్రి విశ్రాంతి అవసరం. నొక్కుల కోసం ఆ రాత్రే పేలికలు కట్టుకోవద్దు. పెళ్లింట్లో చాపల మీద పడుకుని, పది గుడ్డముడులతో ఎవరికీ నిద్ర పట్టదు. పగలే చేయండి. పొద్దున్నే తలంటుకుని ఫ్యాన్ కింద ఆరబెట్టుకోండి. తొందరగా ఆరాలంటే డ్రైయర్ని చల్లగాలి మీద పెట్టుకోవచ్చు, వేడి లేదు కాబట్టి భయం లేదు. భోజనాలయ్యే వేళకి జుట్టు పూర్తిగా ఆరి ఉంటుంది. అప్పుడు పాయ పాయకీ చెమ్మ చేసి పేలికలు కట్టించుకోండి. పెళ్లింట్లో ఏసీ గది ఒక్కటుంటే అందులో కూర్చోండి. ఏసీ గదిలో తేమ తక్కువ, బయట వసారాలో కన్నా చాలా ముందుగా ఆరుతుంది. లేకపోతే టేబుల్ ఫ్యాన్ వీపు వైపు తిప్పి పెట్టుకోండి. మూడు నాలుగు గంటల సమయం పెట్టుకోవాలి. బంధువులు వచ్చి చూసి నవ్వితే నవ్వనివ్వండి, తలకి ఒక పలచటి చున్నీ చుట్టుకుంటే సరి.

అప్పుడు ఒంటి మీద ముందు గుండీలున్న నైటీయో షర్టో ఉండాలి. తల మీదుగా తీసే బట్టలు వేసుకుంటే మార్చుకునేటప్పుడు పడ్డ కష్టమంతా పోతుంది. మేకప్ చేయించుకుని, బ్లౌజు వేసుకుని, చీర కట్టుకుని, నగలు కూడా పెట్టుకున్నాకే పేలికలు విప్పాలి. ముఖ్యంగా మెడలో గొలుసులు ముందే వేసుకోండి. విప్పిన ఉంగరాలు వాటి కొక్కేల్లో చిక్కుకుంటే విడదీయడం ప్రాణాంతకం.

విప్పేముందు ఒక్కో పేలికని వేళ్లతో నొక్కి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. దాన్ని అలాగే వదిలేసి చల్లగాలి పట్టించండి. ఇక్కడ తొందరపడితే మొన్నటి కథే అవుతుంది. పొడిగా తగిలిన వాటిని అడుగు ముడి నుంచి మొదలుపెట్టి, చుట్టిన దారిలోనే వెనక్కి విప్పుకుంటూ రండి. గుడ్డని కిందికి లాగేయొద్దు.

అంతా విప్పాక అద్దంలో చూసుకుంటే గుండె ఝల్లుమంటుంది. ఉంగరాలు స్ప్రింగుల్లా పైకి లేచి, నడుము దాకా ఉన్న జుట్టు వీపు మధ్యకి వచ్చేస్తుంది. టెన్షన్ పడొద్దు, దువ్వెన ముట్టుకోవద్దు. మీ జుట్టు బరువైనది, పావుగంటలో తనంతట తానే దిగుతుంది. మీకు కావలసిన దానికన్నా ఎక్కువ బిగుతుగా రావాలనే కదా ఇంత చేశాం. కాస్త దిగాక అరచేతుల్లో ఒక్క చుక్క కొబ్బరినూనె రుద్దుకుని, చేతికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు కింది సగానికి పైపైన తాకించండి. నూనెకి ఇప్పుడు చోటుంది, లేచిన వెంట్రుకల్ని అది అణుస్తుంది. తర్వాత వేళ్లతో ఒక్కో ఉంగరాన్ని రెండు మూడుగా విడదీసుకోండి. ఉంగరాలు వద్దు, పెద్ద నొక్కులే కావాలనుకుంటే వెడల్పు పళ్ల దువ్వెనతో కింది నుంచి మెల్లగా ఒకసారి దువ్వండి. సన్నపళ్ల దువ్వెన పెడితే అంతా దూదిలా పొంగిపోతుంది. పైన హెయిర్ స్ప్రే వాడితే కొంచెం దూరం నుంచి కొట్టి ఆరనివ్వండి. స్ప్రేల్లో ఆల్కహాల్ ఉంటుంది, త్వరగా అంటుకుంటుంది. హారతి పళ్లెం పట్టుకున్న వాళ్ల పక్కనో, దీపం ముందో నిలబడి మాత్రం వాడకండి.

పూల గురించి చెప్పకపోతే ఇదంతా వృథా. పూలకొట్టులో మాలల మీద నీళ్లు చల్లి, తడి గుడ్డ కిందో ఆకులోనో కట్టి ఇస్తారు. అలాంటి జాజిమాలని తెచ్చిందే తడవుగా తలలో పెట్టుకుంటే దాని కింద ఉన్న నొక్కులు ఓ అరగంటలో తిన్నగా అయిపోతాయి. మాలని ముందే తెప్పించి, దులిపి, ఫ్యాన్ గాలికి కాసేపు పరచండి. కనకాంబరాలైతే తేలిక, తడి కూడా తక్కువ. నొక్కుల జుట్టు పూర్తిగా వదులుకున్నప్పుడు పెద్ద మాల కన్నా చెవి పక్కన చిన్న దండ బాగుంటుందని నా అభిప్రాయం, బరువు కూడా ఉండదు.

రిసెప్షన్ ఏసీ హాల్లో అయితే భోజనాల దాకా దిగులుండదు. ఓపెన్ గ్రౌండ్‌లో అయితే, అందులోనూ వాన పడి వెలిస్తే, పూర్తిగా వదిలిన జుట్టు ఆగదు. అలాంటప్పుడు పై సగం వెనక్కి తీసుకుని క్లిప్ పెట్టి, కింది సగమే వదలండి. మెడ మీద చెమట పట్టే చోట పడే జుట్టు తగ్గుతుంది కాబట్టి నొక్కులు ఎక్కువసేపు ఉంటాయి. ఒకవేళ సాగినా కట్టిన జుట్టులో అంతగా తెలియదు.

ఇదంతా పెళ్లిరోజే మొదటిసారి చేయకండి. ఓ రెండు వారాల ముందు ఖాళీగా ఉన్న ఆదివారం చేసి చూసుకోండి, అమ్మగారి చేయి కూడా అలవాటవుతుంది. విప్పినప్పుడు ఇంకా తడి ఉంటే పాయల సంఖ్య పెంచి సన్నగా చేయండి, లేదా నీళ్లు తగ్గించండి. పూర్తిగా ఆరి కూడా సాగిపోతే జెల్ కాస్త పెంచండి. కట్టినప్పుడు మాడు లాగుతున్నట్టు, నుదుటి దగ్గర నొప్పిగా అనిపిస్తే పై ముడిని ఇంకో అంగుళం కిందికి దించండి. నొప్పిని ఓర్చుకుంటే అందం వస్తుందనే మాట నమ్మొద్దు. ఎప్పుడూ బిగించి లాగే జుట్టు నుదురు, కణతల దగ్గర ఊడిపోతుంది, కొన్నాళ్లకి అక్కడ మళ్లీ మొలవదు కూడా. అందుకే నచ్చింది కదా అని రోజూ కట్టుకోకుండా ముఖ్యమైన రోజులకి ఉంచుకోండి.

రిసెప్షన్ అయ్యాక ఎంత అలసటగా ఉన్నా స్ప్రే, జెల్ ఉన్న జుట్టుని పొడిగా గట్టిగా దువ్వకండి. చివర్ల నుంచి వేళ్లతోనే చిక్కు తీసి, వదులు జడ వేసుకుని పడుకోండి. మర్నాడు పొద్దున కొబ్బరినూనె పట్టించి, ఓ గంట ఆగి తలంటుకుంటే అంతా తేలిగ్గా వదులుతుంది. పేలికల్ని ఉతికి ఎండబెట్టి దాచుకోండి, మెత్తబడే కొద్దీ ఇంకా బాగా పని చేస్తాయి.